కిటికీలో కూలర్, పెట్టెలో కూలర్

మోత్కూర్‌లో కూలర్ అనగానే ఎవరికైనా కళ్ల ముందు మెదిలేది ఒక్కటే. కిటికీకి ఆనించిన రేకు డబ్బా, మూడు వైపులా గడ్డి, అడుగున నీళ్ల తొట్టి, గడగడమంటూ నీళ్లు పైకి తోడే చిన్న మోటరు. హోలీ దాటగానే దుమ్ము దులిపి కిటికీకి పెడతారు. మృగశిర వచ్చి బిక్కేరు వాగు మీదుగా చల్లగాలి తిరిగేదాకా అది ఇంట్లో మనిషిలాగే ఉంటుంది. "నీళ్లు పోసిన్రా?" అన్న కేక వినపడని ఇల్లు ఏప్రిల్, మే నెలల్లో ఈ ఊళ్లో ఉండదు.

ఆ పేరుతోనే ఇంకో వస్తువు ఉంది. అరచేతిలో ఇముడుతుంది. కంప్యూటర్ పెట్టెలో, ప్రాసెసర్ నెత్తిన కూర్చుంటుంది. దానికి పోయాల్సిన నీళ్లు లేవు, మార్చాల్సిన గడ్డి లేదు. ఈ రెండు కూలర్ల మధ్య ఎంత చుట్టరికం ఉందో, ఎక్కడ అవి దారులు వేరై పోతాయో తెలిస్తే, చిన్న కంప్యూటర్ కట్టుకునేవాళ్లకు సగం పని అయిపోయినట్టే.

బీటెక్ చదువుతున్న మా అక్క బిడ్డ పోయిన వేసవిలో ఒక చిన్న కంప్యూటర్ కట్టుకుంది. రెండు గదుల డాబా ఇల్లు, ఒకటే బల్ల. హాస్టల్‌కూ ఇంటికీ మధ్య బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకుపోగలిగేంత పెట్టె కావాలనుకుంది. టిఫిన్ క్యారియర్ కంటే కొంచెం పెద్దదైన క్యాబినెట్ కొన్నది. ప్రాసెసర్ రైజెన్ 5 5600జీ. గ్రాఫిక్స్ అందులోనే ఉంటాయి కనుక వేరే కార్డు అక్కర్లేదు, చిన్న పెట్టెకు తగిన ఎంపిక. అంతా బల్ల మీద పరిచాక తెలిసింది: ప్రాసెసర్‌తో పాటు డబ్బాలో వచ్చిన కూలర్ ఎత్తు 54 మిల్లీమీటర్లు, క్యాబినెట్‌లో దానికి ఉన్న జాగా 45. అప్పుడు ఫోన్ చేసింది. "మామా, కూలర్ కొనాలె. ఇంటికి గాదు, ప్రాసెసర్‌కు."

అసలు ప్రాసెసర్‌కు అంత వేడి ఎక్కడిది? అందులో కోట్లకొద్దీ స్విచ్చులున్నాయి. ఒక్కొక్కటి సెకనుకు వందల కోట్లసార్ల దాకా తెరుచుకుని మూసుకోగలదు. ప్రతిసారీ రవ్వంత విద్యుత్తు వేడిగా మారిపోతుంది. కంప్యూటర్ మోత పని చేయదు, బరువులెత్తదు, నీళ్లు తోడదు. కాబట్టి లోపలికి పోయిన కరెంటు దాదాపు అంతా చివరికి వేడై బయటపడాల్సిందే. 5600జీ పెట్టె మీద 65 వాట్లు అని ఉంటుంది కానీ, అన్ని కోర్లూ పనిలో పడితే అది 88 వాట్ల దాకా తీసుకునేలా దాన్ని తయారుచేసే ఏఎండీ సంస్థే హద్దు పెట్టింది.

88 వాట్లంటే ఏముంది, పాతకాలపు గుండు బల్బంత కదా అనిపిస్తుంది. కానీ ఆ వేడి పుట్టే జాగా చూడండి. ప్రాసెసర్‌లోని సిలికాన్ బిళ్ల వైశాల్యం 180 చదరపు మిల్లీమీటర్లు, అంటే బొటనవేలి గోరంత. చదరపు సెంటీమీటరుకు దాదాపు 49 వాట్లు. ఇంట్లో ఇస్త్రీ పెట్టె వెయ్యి వాట్లదే అయినా దాని అడుగు సుమారు 200 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది, చదరపు సెంటీమీటరుకు 5 వాట్లు. అంటే చొక్కా మడతల్ని అణిచే ఇస్త్రీ పెట్టె కంటే పది రెట్ల సాంద్రతతో గోరంత చోట వేడి పుడుతోందన్నమాట. కూలర్‌కు అప్పజెప్పిన పని వేడిని చంపడం కాదు, వేడిని ఎవరూ చంపలేరు. గోరంత చోట పోగుపడ్డదాన్ని అరచేతంత, ఆపైన దండెం మీద ఆరేసిన బట్టలంత మేర పరిచి, గాలికి అందించడం.

పరచడం ఎలా? లోహం ద్వారా. రాగి మంచి వేడివాహకం, అల్యూమినియం కంటే దాదాపు రెండింతలు మేలు. అయితే ఒక లెక్క వేసి చూద్దాం. 6 మిల్లీమీటర్ల మందం, 10 సెంటీమీటర్ల పొడవున్న రాగి కడ్డీలు నాలుగు తీసుకుని, వాటితో 80 వాట్లను ఈ చివర నుంచి ఆ చివరకు పంపాలనుకోండి. ఒక్కో కడ్డీకి 20 వాట్లు. ఆ 20 వాట్లు కదలాలంటే కడ్డీ రెండు చివరల మధ్య దాదాపు 175 డిగ్రీల తేడా కావాలి! ప్రాసెసర్ అంతకు ఎంతో ముందే ఆగిపోతుంది. బంగారం లాంటి రాగి కూడా ఈ పనికి చాలదు.

మరి కూలర్లలో కనిపించే ఆ వంకర తిరిగిన రాగి గొట్టాలేమిటి? అవి కడ్డీలు కావు, లోపల బోలు. గాలి తీసేసి, కాసిని నీటిచుక్కలు వేసి, రెండు వైపులా మూసేసిన గొట్టాలు. గాలి లేదు కనుక లోపల పీడనం తక్కువ, ఆ నీళ్లు మరగడానికి వంద డిగ్రీలు అక్కర్లేదు. ప్రాసెసర్ తగిలిన చివర వేడెక్కగానే నీరు ఆవిరై, రెప్పపాటులో చల్లటి చివరకు చేరి, అక్కడి అల్యూమినియం రేకులకు వేడి ఇచ్చేసి మళ్లీ నీరవుతుంది. గొట్టం లోపలి గోడకు అతికించిన రాగి పొడి పొర ఆ నీటిని తిరిగి వేడి చివరకు లాక్కొస్తుంది, దీపం వత్తి నూనెను లాక్కున్నట్టే. దీన్నే హీట్ పైప్ అంటారు. ఆవిరి పుట్టేచోటికీ నీరయ్యేచోటికీ మధ్య తేడా కొద్ది డిగ్రీలే.

ఈ ఆలోచన మీద 1942లో జనరల్ మోటార్స్ ఇంజనీరు రిచర్డ్ గాగ్లర్ పేటెంటుకు దరఖాస్తు చేశాడు. ఎవరూ పట్టించుకోలేదు. 1963లో లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ దాన్ని తనంతట తాను మళ్లీ కనిపెట్టి, హీట్ పైప్ అని పేరు పెట్టాడు. అంతరిక్షంలో వాడే విద్యుత్ పరికరాల కోసం పుట్టిన ఆ గొట్టం ఇవాళ ల్యాప్‌టాప్‌లలో, మా అక్క బిడ్డ పెట్టెలో ఉంది.

ఇక్కడే రెండు కూలర్లు కలుస్తాయి. ఒక గ్రాము నీరు ఆవిరైతే సుమారు 2400 జౌళ్ల వేడిని తనతో తీసుకుపోతుంది. కిటికీ కూలర్ గంటకు ఐదు లీటర్ల నీళ్లు తాగిందంటే, మూడు వేల వాట్లకు పైగా వేడిని గాలిలోంచి లాగేసినట్టు. ఊరుతూ చెమర్చే రంజనులో నీళ్లు చల్లబడేదీ ఈ లెక్కనే. ప్రాసెసర్ కూలర్‌లో 88 వాట్లు మోయడానికి నిమిషానికి రెండు గ్రాముల పైచిలుకు నీరు ఆవిరై తిరిగొస్తే చాలు. ఉన్న కాసిని చుక్కలే నిమిషంలో మళ్లీ మళ్లీ చుట్టు తిరుగుతాయి, ఏళ్ల తరబడి. కిటికీ కూలర్ నీళ్లను ఖర్చు పెడుతుంది. పెట్టెలో కూలర్ తన నీళ్లను గొట్టంలోనే దాచుకుంటుంది.

ఎలక్ట్రానిక్ పరికరాల్లో నీటి ఆవిరితో వేడిని మోయించే ఈ శాస్త్రంలో ఒక తెలుగు ఇంటిపేరు గట్టిగా వినిపిస్తుంది: సురేశ్ గరిమెళ్ళ. ఐఐటీ మద్రాసులో చదివి, అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో శీతలీకరణ సాంకేతికతల పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పి నడిపిన ఆచార్యుడు. చిప్పుల మీద సన్నని కాల్వల్లో నీరు మరగడం, హీట్ పైపుల్లో వత్తి పొరల తీరు, ఇవే అక్కడ ఆయన పరిశోధనలు. తర్వాత వెర్మాంట్, 2024లో అరిజోనా విశ్వవిద్యాలయాలకు అధ్యక్షుడయ్యాడు. అరిజోనా కూడా మనలాగే ఎండకు మాడే నేల.

ఇక వేరుపడే చోటు. ఇదే అసలు సంగతి, దీన్ని వదిలేసి కూలర్ కొంటే డబ్బు దండగ.

కిటికీ కూలర్ బయటి గాలికంటే చల్లటి గాలినిస్తుంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో గాలిలో తేమ 20 శాతం ఉంటే, తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ 24 డిగ్రీల దగ్గర ఆగుతుంది. గడ్డి గుండా వచ్చే గాలి ఆ వైపుగా దిగుతుంది, 24 దాకా కాకపోయినా 28, 29 దాకా. ఎండ పొడిగా ఉన్నకొద్దీ దాని బలం ఎక్కువ. పెట్టెలో కూలర్‌కు ఆ వరం లేదు. దాని నీరు గాలికి తగలదు, కాబట్టి గది గాలికంటే ఒక్క డిగ్రీ కూడా కిందికి తేలేదు. గది ఎంత వేడిగా ఉంటే అక్కడి నుంచే దాని లెక్క మొదలవుతుంది.

ఆ లెక్కకు ఒక సంఖ్య చాలు: ఒక వాటుకు ఎన్ని డిగ్రీలు పెరుగుతుందన్నది. పొట్టి కూలర్ ఒకదానికి, ప్రాసెసర్ లోపలి నుంచి బయటి గాలి వరకు అంతా కలిపి, వాటుకు 0.6 డిగ్రీలు అనుకుందాం. 88 వాట్లకు 53 డిగ్రీలు. 22 డిగ్రీల ఏసీ గదిలో బల్ల మీద పరీక్షించేవాడికి ప్రాసెసర్ 75 డిగ్రీలు చూపిస్తుంది. భేష్ అంటాడు, రాస్తాడు. అదే కూలర్‌ను మోత్కూర్‌లో డాబా కింద 42 డిగ్రీల గదిలో పెట్టండి: 42కు 53 కలిపితే 95. చిన్న పెట్టెలో గాలి గదికంటే ఇంకో ఐదు డిగ్రీలు వేడిగా ఉంటుంది, 100. 5600జీకి హద్దు 95. అంటే అది కాలిపోతుందని కాదు. 95 దగ్గర ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. వీడియో ఎడిటింగ్ నడుమ ఫ్యాన్ రొద పెరిగి, పని మందగిస్తుంది. మీరు డబ్బు పెట్టి కొన్న వేగం మీకు దక్కదు.

మా అక్క బిడ్డ అడిగిన మాట ఇదే. "కూలర్ డబ్బా మీద 95 వాట్లు అని ఉన్నది గదా మామా, నాది 88. సరిపోవాలె గదా?" సరిపోవాలి బిడ్డా, ఏ గదిలో అన్నది మాత్రం ఆ డబ్బా మీద రాయలేదు. కూలర్ మీద రాసే వాట్లు ఎంత వేడి గాలిలో, ప్రాసెసర్‌ను ఎన్ని డిగ్రీల దాకా పోనిచ్చి కొలిచారో చెప్పకపోతే ఆ అంకెకు అర్థం లేదు. నేనైతే అలాంటి అంకెలో మూడో వంతు కొట్టేసి చూడమంటాను. ఇది ప్రయోగశాల సూత్రం కాదు, ఉమ్మడి నల్లగొండ ఎండలో బతికినవాడి జాగ్రత్త.

గది లెక్క తర్వాత మిల్లీమీటర్ల లెక్క. చిన్న కంప్యూటర్లకు వాడే మినీ ఐటీఎక్స్ మదర్‌బోర్డు 170 మిల్లీమీటర్ల చదరం. 2001లో తైవాన్ సంస్థ వయా తెచ్చిన కొలత ఇది. బోర్డు పొడవు వెడల్పులు అందరికీ ఒకటే, గొడవంతా ఎత్తు దగ్గర. పెద్ద టవర్ కూలర్లు 150 నుంచి 165 మిల్లీమీటర్లు ఉంటాయి. నాక్టువా ఎన్‌హెచ్-ఎల్12ఎస్ 70, థర్మల్‌రైట్ ఏఎక్స్‌పీ120-ఎక్స్67 పేరులోనే ఉన్నట్టు 67. ఇంకా పొట్టివాటిలో ఏఎక్స్‌పీ90-ఎక్స్47, ఏఎక్స్‌పీ90-ఎక్స్36, నాక్టువా ఎన్‌హెచ్-ఎల్9ఏ 37. ఇవన్నీ ఫ్యాన్‌తో కలిపి ఎత్తు. కొన్ని కూలర్లకు ఫ్యాన్‌ను వేరుగా లెక్కేసి చెబుతారు, అది చూసుకోవాలి. కూలర్ పక్కకు చాచిన రేకుల కింద ర్యామ్ పట్టాలి, మామూలు ర్యామ్ కర్ర ఎత్తు 31 మిల్లీమీటర్లు, తలపై మెరిసే తొడుగులున్నవి ఇంకా ఎత్తు.

మేం ఈ లెక్కలో ఒకసారి తప్పాం. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో 47 మిల్లీమీటర్ల కూలర్ ఒకటి మంచి ధరకు దొరికింది. రెండు మిల్లీమీటర్లే కదా, పక్క రేకు కాస్త వంగుతుందిలే అనుకున్నాం. ఇంటికొచ్చి బిగిస్తే రేకు వంగింది, ఫ్యాన్ రెక్కలు రేకుకు రాసుకుని కరకరలాడాయి. మర్నాడు మళ్లీ బస్సు, 37 మిల్లీమీటర్లదానికి మార్చుకొచ్చాం. ఆ రోజు నుంచి మా ఇంట్లో స్టీల్ స్కేలు కంప్యూటర్ సామాన్ల డబ్బాలోనే ఉంటోంది.

రేకుకు తగలకుండా ఉంటే చాలదు కూడా. ఫ్యాన్ గాలిని ఎక్కడి నుంచి తీసుకుంటుందో చూడాలి. 92 మిల్లీమీటర్ల ఫ్యాన్ నోరు సుమారు 66 చదరపు సెంటీమీటర్లు. దాని ముందు చిల్లుల్లేని రేకు మూడు మిల్లీమీటర్ల దూరంలో ఉంటే, గాలి చుట్టూ ఉన్న సన్నని సందులోంచే దూరాలి. ఆ సందు మొత్తం తొమ్మిది చదరపు సెంటీమీటర్లు దాటదు. ఫ్యాన్ నోరు తెరిచి ఉంది, గొంతు మాత్రం పిసికేశాం. అదే రేకుకు ఫ్యాన్ ఎదురుగా చిల్లులుంటే దగ్గరగా ఉండటమే మేలు, బయటి గాలి నేరుగా అందుతుంది. ఆ మిగిలిన కాస్త సందును కూడా మెత్తటి ఫోమ్ ముక్క గుండ్రంగా కత్తిరించి మూస్తే, లోపల ఒకసారి వేడెక్కిన గాలిని ఫ్యాన్ మళ్లీ మింగకుండా ఉంటుంది. పది రూపాయల ఫోమ్ కొన్ని డిగ్రీలు దించుతుంది. ఖరీదైన పేస్టులు అంత దించవు.

థర్మల్ పేస్ట్ గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. ప్రాసెసర్ పైభాగం, కూలర్ అడుగు, ఈ రెండు లోహాల మధ్య కంటికి కనపడని గుంతల్లో గాలి చిక్కుకుంటుంది, గాలి వేడిని దాదాపు మోయదు. ఆ గుంతల్ని నింపడానికి శనగగింజంత పేస్టు చాలు.

గాలి ఎంత కావాలో తెలుసుకుంటే పెట్టె చిల్లుల విలువ అర్థమవుతుంది. 88 వాట్లను పెట్టెలోంచి బయటికి పంపాలి, వచ్చే గాలికంటే పోయే గాలి ఐదు డిగ్రీలే ఎక్కువ ఉండాలంటే సెకనుకు 16 లీటర్ల గాలి కావాలి. సెకనుకో బకెట్ గాలి! పైగా 42 డిగ్రీల గాలి 20 డిగ్రీల గాలికంటే ఏడు శాతం పలచన, ఫ్యాన్ అన్నిసార్లే తిరిగినా మోసే వేడి ఆ మేరకు తక్కువ. చిన్న ఫ్యాన్ ఈ బకెట్లు తోడాలంటే నిమిషానికి 2500 చుట్లు తిరగాలి, ఈల వేస్తుంది. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ అదే పనిని నెమ్మదిగా, సద్దు లేకుండా చేస్తుంది.

అందుకే ఇంకా పెట్టె కొననివాళ్లకు నేను గట్టిగా చెప్పేది: మన ఊళ్లలో పెట్టె చూసి కూలర్ కొనకండి, కూలర్ చూసి పెట్టె కొనండి. నలభై అయిదు మిల్లీమీటర్ల జాగా ఉన్న పెట్టెలు చల్లటి దేశాల బల్లల మీద ముద్దుగా ఉంటాయి. కూలర్ మాస్టర్ ఎన్ఆర్200 లాంటి పెట్టె 18 లీటర్లే, ఇంట్లో వేయించుకునే 20 లీటర్ల నీళ్ల క్యాన్ కంటే చిన్నది. అందులో 150 మిల్లీమీటర్ల టవర్ కూలర్ నిలబడుతుంది, డీప్‌కూల్ ఏజీ400 లాంటి చవకది కూడా. అంత పెట్టె వద్దనుకుంటే కనీసం 70 మిల్లీమీటర్ల జాగా ఉన్నది చూసుకోవాలి.

పెట్టె కొనేసినవాళ్లకు? మా అక్క బిడ్డకు దొరికిన దారి కూలర్‌లో లేదు, వాట్లలో ఉంది. ప్రాసెసర్ ఖర్చు చేసే విద్యుత్తు దాని వేగంతో పాటే కాదు, వోల్టేజీ వర్గంతో పాటు పెరుగుతుంది. చివరి కాస్త వేగం కోసం వోల్టేజీ ఎక్కించాలి, ఆ చివరి కాస్తకే వేడి విపరీతం. బయాస్‌లో, అంటే కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల్లో, ఈకో మోడ్ అని ఒక ఏర్పాటుంది, దానితో 88 వాట్ల హద్దును దాదాపు 60కి దించవచ్చు. మళ్లీ లెక్క: 60కి 0.6 చొప్పున 36. గది 42, పెట్టె 5, మొత్తం 83. అదే 37 మిల్లీమీటర్ల కూలర్, అదే మే నెల. వేగంలో తేడా పెద్ద వీడియోలు రెండర్ చేసేటప్పుడు కొంత తెలుస్తుంది. కోడ్ రాసేటప్పుడు, చదువుకునేటప్పుడు తెలియదు.

ఇంకో మార్గం ఇంట్లోనే ఉంది, కిటికీలో. కిటికీ కూలర్ నడిచే గదిలో గాలి 32 దాకా దిగితే ప్రాసెసర్ కూడా పది డిగ్రీలు దిగుతుంది. తేమ గాలికి కంప్యూటర్ పాడవుతుందేమోనని చాలామంది భయపడతారు. చల్లటి గ్లాసు బయట నీటిబొట్లు పడతాయి, గ్లాసు గాలికంటే చల్లగా ఉంటుంది గనుక. నడుస్తున్న ప్రాసెసర్ ఎప్పుడూ గాలికంటే వేడిగానే ఉంటుంది, దాని మీద మంచు పట్టదు. జాగ్రత్తపడాల్సింది తుంపర విషయంలో. మన బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ. నీరు ఆవిరైపోయి ఉప్పు మిగలడం వల్లనే కూలర్ గడ్డి నెల తిరక్కుండా తెల్లగా గట్టిపడుతుంది. ఆ నీటి తుంపర బోర్డు మీద పడి ఆరితే అదే తెల్లటి పొర అక్కడా పడుతుంది. కంప్యూటర్‌ను ఆ గదిలోనే, కూలర్ మూతికి ఎదురుగా కాకుండా పక్క గోడకు పెట్టుకోవాలి.

దుమ్ము సంగతి వేరు. పత్తి ఏరే రోజుల్లో గాలిలో నూగు తేలుతుంది, వరి కోతలప్పుడు ధూళి. కూలర్ రేకుల మధ్య సందు రెండు మిల్లీమీటర్ల లోపే. ముందు నూగు పోగు ఒకటి అడ్డం పడుతుంది, దాని మీద ధూళి, తేమ గాలికి అది ముద్ద కట్టి కంబళి ముక్కలా పరుచుకుంటుంది. మొన్న సంక్రాంతికి ఆ పెట్టె విప్పాం. ఫ్యాన్ తీయగానే కింద రేకుల మీద బూడిదరంగు పొర, గోటితో లేపితే పాపడంలా ఒక్క ముక్కగా వచ్చింది. పెయింట్ బ్రష్‌తో సందుల్లో మెల్లగా దులిపి, సైకిల్ పంపుతో ఊది, ఫ్యాన్ రెక్క కదలకుండా వేలితో పట్టుకుని తుడిచాం. మళ్లీ బిగించి ఆన్ చేసి, అక్క బిడ్డ తెర మీది అంకెను చూస్తూ కూర్చుంది. అది ముందటికంటే తొమ్మిది డిగ్రీలు తక్కువ దగ్గర నిలబడింది. "హోలీ దాటగానే ఇంకోసారి విప్పుదాం మామా, ఆ కూలర్ దులిపేటప్పుడే ఇదిగూడ" అన్నది.